ఉండీ లేని రాజు: ఆరవ హెన్రీ కాలంలో ఇంగ్లండ్ ఎందుకు కూలింది?

ఇంగ్లండ్ చరిత్రలో అందరికంటే చిన్న వయసులో రాజైనవాడు ఆరవ హెన్రీ. 1421 డిసెంబరు 6న విండ్సర్ కోటలో పుట్టాడు. తండ్రి ఐదవ హెన్రీ ఫ్రాన్స్‌లో యుద్ధం చేస్తూ, రక్తవిరేచనాలు పట్టుకుని 1422 ఆగస్టు 31న కన్నుమూశాడు. కన్నకొడుకు ముఖం ఒక్కసారైనా చూడకుండానే పోయాడు. అప్పటికి వారసుడికి తొమ్మిది నెలలు కూడా నిండలేదు. ఆ తర్వాత పదిహేనేళ్లు ఆ పిల్లవాడి పేరు మీద పెద్దలు రాజ్యం నడిపారు. వాళ్లలో వాళ్లు కొట్లాడుకున్నారు. ఫ్రాన్స్‌లో ఓటములు మొదలయ్యాయి. ఖజానా తరుగుతూ వచ్చింది. అయినా ఇంగ్లండ్ గడ్డ మీద అంతర్యుద్ధం రాలేదు. ఆ కిరీటం నాదంటూ గట్టిగా ముందుకు వచ్చినవారెవరూ లేరు.

1437లో, పదహారో ఏట, హెన్రీ స్వయంగా పాలన చేపట్టాడు. పదమూడేళ్లు తిరక్కుండానే కెంట్ ప్రాంతపు జనం లండన్ మీద పడి ఖజానా మంత్రి తల నరికారు. పద్దెనిమిదేళ్లకు రాజబంధువులు ఒక ఊరి వీధుల్లో కత్తులు దూసుకున్నారు. 1461లో కిరీటం పోయింది. 1471లో లండన్ టవర్ కోటలో ఖైదీగా ప్రాణం పోయింది.

ఊయలలో ఉన్న రాజుతో నిలబడిన రాజ్యం ఎదిగిన రాజుతో ఎందుకు కూలిపోయింది? ఇంగ్లండ్ కిరీటం కోసం లాంకాస్టర్, యార్క్ అనే రాజవంశ శాఖలు చేసుకున్న, ‘గులాబీల యుద్ధాలు’ అని మనం పుస్తకాల్లో చదువుకునే గందరగోళానికి మొదటి ముడి ఈ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం. మామూలుగా మూడు జవాబులు వినిపిస్తాయి: రాజుకు మతి చలించింది, రాణి పెత్తనం చేసింది, యార్క్ డ్యూక్ కిరీటానికి ఆశపడ్డాడు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ మతి చలించడానికి మూడేళ్ల ముందే రాజ్యం తగలబడింది. రాణి రాజకీయాల్లోకి దిగింది ఆ తర్వాతే. యార్క్ డ్యూక్ కిరీటం అడిగింది 1460లో, అంటే గొడవలు మొదలైన పదేళ్లకు. కాబట్టి వీటికంటే వెనక్కి వెళ్లి చూడాలి.

పసివాడు రాజైనప్పుడు ఏం చేయాలో 1422 నాటి పెద్దలకు తెలుసు. అంతకు ముందూ బాలరాజులు ఉన్నారు. చనిపోతూ ఐదవ హెన్రీ తన చిన్న తమ్ముడు, గ్లాస్టర్ డ్యూక్ హంఫ్రీకి పెద్ద బాధ్యత అప్పగించి వెళ్లాడు. ఆయన రాజప్రతినిధి హోదా కోరాడు. ప్రభువులు ఒప్పుకోలేదు. ఒక్కడి చేతికి రాజాధికారం ఇస్తే అది మళ్లీ వెనక్కి రాకపోవచ్చునని వాళ్ల భయం. ‘సంరక్షకుడు’ అనే పరిమితమైన హోదా ఇచ్చారు. అదీ అన్నగారైన బెడ్‌ఫర్డ్ డ్యూక్ జాన్ ఫ్రాన్స్‌లో ఉన్నంతకాలమే. అసలు అధికారం ప్రభువుల మండలిది. నిర్ణయాలు అందరూ కలిసి తీసుకోవాలి, పసివాడి పేరుతో ముద్ర వేయాలి, వాడు ఎదిగాక లెక్క అప్పజెప్పాలి.

ఈ ఏర్పాటు సాఫీగా ఏమీ సాగలేదు. హంఫ్రీకీ, ఆయన బాబాయి వరసైన వించెస్టర్ బిషప్ హెన్రీ బోఫర్ట్‌కీ పడేది కాదు. 1425లో ఇద్దరి మనుషులూ లండన్ వంతెన దగ్గర ఆయుధాలతో ఎదురుపడ్డారు. బెడ్‌ఫర్డ్ డ్యూక్ ఫ్రాన్స్ యుద్ధాన్ని విడిచిపెట్టి సముద్రం దాటి వచ్చి, మరుసటి ఏడు పార్లమెంటు ముందు వాళ్ల చేత చేతులు కలిపించాడు. తగవు తీర్చడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒకటి అప్పుడు ఉంది. రాజు పసివాడన్న సంగతి ఊయల చూసిన ప్రతివాడికీ తెలుసు కాబట్టి, ఆయన బదులు ఎవరు మాట్లాడాలన్నదీ రాసిపెట్టుకున్నారు. 1423లో తల్లి కేథరిన్ ఆ పిల్లవాణ్ణి పార్లమెంటుకు తీసుకొస్తుంటే స్టెయిన్స్ అనే ఊళ్లో ఆదివారం నాడు గుక్కపట్టి ఏడ్చి బండి కదలనివ్వలేదట. పవిత్రదినాన ప్రయాణం ఇష్టం లేక ఏడ్చాడని లండన్ చరిత్రకారులు భక్తితో రాసుకున్నారు. రెండేళ్లు నిండని పిల్లవాడి ఏడుపులో కూడా రాజు ఇష్టాన్ని వెతికిన కాలం అది.

ఆ పిల్లవాడి నెత్తిన రెండో కిరీటం కూడా ఉంది. 1420 నాటి ట్రాయ్ సంధి ప్రకారం ఐదవ హెన్రీ ఫ్రాన్స్ రాజు కూతురైన కేథరిన్‌ను పెళ్లాడి, మామగారి తర్వాత ఫ్రాన్స్‌కు కూడా రాజు కావాలి. అల్లుడు పోయిన రెండు నెలల్లోపే మామ ఆరవ చార్లెస్ పోయాడు. పది నెలల మనవడు రెండు దేశాలకు రాజయ్యాడు. తాతనుంచి కిరీటమే సంక్రమించిందా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఆరవ చార్లెస్ 1392 నుంచీ మానసిక వ్యాధితో బాధపడ్డాడు. తన ఒళ్లు గాజుతో చేసినదని, ఎవరైనా తాకితే పగిలిపోతుందని భయపడేవాడు. మనవడి జబ్బు కూడా ఆ వంశపుదే అని చాలామంది అంటారు. అయిదున్నర శతాబ్దాల దూరం నుంచి రోగనిర్ధారణ చేయడం ఎవరి తరమూ కాదు కాబట్టి దాన్ని అనుమానంగానే ఉంచడం మంచిది.

సంధిని ఒప్పుకోని ఫ్రెంచి యువరాజు దక్షిణాన నిలబడ్డాడు. 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ ఓర్లియన్స్ ముట్టడిని ఛేదించి, ఆయనను రాన్స్ నగరంలో ఏడవ చార్లెస్‌గా పట్టాభిషిక్తుణ్ణి చేయించింది. ఆంగ్లేయులు హడావుడిగా తమ బాలరాజుకు అదే ఏడు నవంబరులో వెస్ట్‌మినిస్టర్‌లోనూ, 1431 డిసెంబరు 16న పారిస్ నోత్రదామ్‌లోనూ కిరీటం పెట్టారు. ఫ్రాన్స్ గడ్డ మీద ఫ్రాన్స్ రాజుగా పట్టాభిషేకం జరిగిన ఇంగ్లండ్ రాజు ఆయనొక్కడే. 1435లో బర్గండీ డ్యూక్ ఆంగ్లేయుల పక్షం వదిలేశాడు. అదే నెలలో బెడ్‌ఫర్డ్ పోయాడు. మరుసటి ఏడు పారిస్ చేజారింది. ఎదిగొచ్చిన హెన్రీకి చేతికందిన ఆస్తి ఇది: ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లోని నార్మండీ, గాస్కనీ, కొద్దిపాటి ఇతర భూములు, పెద్ద యుద్ధం, దాని అప్పు.

రాజు పని ఏమిటో చూస్తేగాని తర్వాతి కథ అర్థం కాదు. ఆనాటి ఇంగ్లండ్‌లో జీతాల సైన్యం లేదు, జిల్లాకో పోలీసు వ్యవస్థ లేదు. ఊళ్లలో శాంతి నిలిపేది అక్కడి భూస్వాములు. వాళ్లకు సొంత బలగాలు, సొంత వర్గాలు. ఇద్దరు ప్రభువులకు ఒక కోట గురించో ఒక పదవి గురించో తగవు వస్తే దాన్ని తీర్చే చివరి గడప రాజుదే. న్యాయస్థానాలు ఉన్నా జూరీలను బెదిరించేవాళ్లూ, జిల్లా అధికారిని కొనేవాళ్లూ ఉన్నారు. ఎవరికీ అమ్ముడుపోనక్కర్లేని మనిషి దేశంలో ఒక్క రాజే. ప్రభువు ఎంత పెద్దవాడైనా ‘రాజుగారు ఊరుకోరు’ అన్న భయం ఒకటి ఉండాలి. ఆ భయం మీదే అంతా నడిచింది.

హెన్రీ అందరికీ ‘సరే’ అన్నాడు. అర్జీ పట్టుకుని ఎవరు ఎదుట పడితే వాళ్లకు సంతకం చేసి ఇచ్చాడు. 1440 ఫిబ్రవరిలో మండలి గుమాస్తా ఒకరు రాసుకున్న గుర్తుచీటీ దొరికింది: క్షమాపణ పత్రాలు ఇచ్చేటప్పుడు జాగ్రత్తగా ఉండమని రాజుగారితో మాట్లాడాలి, మొన్న ఒక పత్రంతో ఆయనకు 2,000 మార్కులు నష్టం వచ్చింది. మరో చీటీలో చర్క్ కోట అధికారి పదవి ఇచ్చినందుకు 1,000 మార్కుల నష్టం. ఒక మార్కు అంటే పౌనులో మూడింట రెండు వంతులు. అది చదివినప్పుడు నాకు ఆ గుమాస్తా మీద జాలి కలిగింది. రాజుకు లెక్క చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది?

డబ్బు నష్టం ఒక ఎత్తు, తగవులు మరో ఎత్తు. కార్న్‌వాల్‌లోని రాజభూముల మీద పెత్తనం 1437లో విలియం బాన్‌విల్ అనే నైట్‌కు జీవితాంతానికి ఇచ్చారు. 1441లో దాదాపు అదే పదవిని ఆయన బద్ధశత్రువు డెవన్ ఎర్ల్‌కు ఇచ్చారు. ఒకే చేనుకు ఇద్దరికి పట్టా రాసిచ్చినట్టు. ఆ రెండు కుటుంబాల వైరం ఇరవై ఏళ్లు రగిలి, పడమటి ఇంగ్లండ్‌ను కాల్చి, చివరికి అంతర్యుద్ధంలో కలిసిపోయింది.

అలాగని హెన్రీకి పట్టుదల బొత్తిగా లేదనడం అన్యాయం. 1440లో ఈటన్ బడి, 1441లో కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీ స్థాపించాడు. చెరి 70 మంది పేద విద్యార్థులకు చదువు, తిండి. మొదట చిన్నగా తలపెట్టినదాన్ని మళ్లీ మళ్లీ పెంచాడు. కేంబ్రిడ్జి చాపెల్‌కు 1446లో శంకుస్థాపన జరిగింది. అది ఎంత పొడవు ఉండాలి, ఎంత వెడల్పు ఉండాలి అన్నది 1448లో తన ఆదేశపత్రంలో వివరంగా రాయించాడు: 288 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. ఈనాటికీ ఆ చాపెల్ దాదాపు అదే కొలతతో నిలిచి ఉంది. కార్న్‌వాల్ ఎవరిదో తేల్చని రాజు చాపెల్ కొలతలను అడుగుల లెక్కన తేల్చాడు. ఆయన మనసు ఎక్కడ ఉందో అక్కడ ఆయన రాజే. ఆ మనసు యుద్ధంలో, తగవుల్లో, అధికారంలో లేదు. దురదృష్టమేమిటంటే రాజ్యం ఆయనను అడిగిందల్లా వాటినే.

రెండో పట్టుదల శాంతి. తండ్రి ఫ్రాన్స్‌ను గెలిస్తే కొడుకు ఫ్రాన్స్‌తో రాజీ కోరాడు. 1444లో టూర్‌లో సంధివిరామం కుదిరింది. 1445 ఏప్రిల్‌లో ఆంజూ రాకుమారి, పదిహేనేళ్ల మార్గరెట్‌తో పెళ్లి. ఆ పెళ్లితో ఇంగ్లండ్‌కు పెద్ద కట్నమేమీ రాలేదు. పైగా ఆ డిసెంబరు 22న హెన్రీ తన మేనమామ, ఫ్రాన్స్ రాజు ఏడవ చార్లెస్‌కు ఒక ఉత్తరం రాసి, మేన్ అనే ప్రాంతాన్ని తిరిగి ఇచ్చేస్తానని మాట ఇచ్చాడు. ఇంగ్లండ్ మనుషులు రక్తం ధారపోసి సంపాదించి, ఒక తరం పాటు కాపురం ఉన్న భూమి అది. ఈ మాట బయటపడ్డాక కోపం ఎవరి మీద పోవాలి? రాజు తప్పు చేయడన్నది ఆనాటి రాజనీతి. తప్పు జరిగితే చెడ్డ సలహా ఇచ్చినవాడిదే. కాబట్టి కోపమంతా రాజభవనంలో చక్రం తిప్పుతున్న సఫోక్ డ్యూక్ మీదికి మళ్లింది.

సఫోక్‌ను పూర్తిగా నిర్దోషి అనలేను. రాజుకు దగ్గరగా ఉండి తన మనుషులకు పదవులు కట్టబెట్టాడు, వాళ్లు జిల్లాల్లో దోచుకున్నారు. కానీ ఆయన చేస్తున్న అసలు పని రాజు చేయవలసిన పని. నిర్ణయాలు తీసుకోని రాజు తరఫున నిర్ణయాలు తీసుకుంటూ, అవి రాజు నిర్ణయాలేనని లోకానికి చెప్పాలి. హెన్రీ బాలుడుగా ఉన్నప్పుడు ఇదే పని మండలి బాహాటంగా, చట్టబద్ధంగా చేసింది. ఇప్పుడు రాజు ఎదిగాడు, కళ్లెదుట ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, సంతకం చేస్తున్నాడు. ఆయనకు ఇచ్ఛ లేదని ఒప్పుకునే దారి చట్టంలో లేదు. అందుకే పాలన చాటుమాటుది అయిపోయింది. చాటుమాటు పాలనను ఎవరూ నమ్మరు.

1449లో ఫ్రెంచి సేనలు నార్మండీ మీద పడ్డాయి. రువాన్ లొంగిపోయింది. 1450 ఏప్రిల్‌లో ఫార్మిన్యీ యుద్ధంలో ఇంగ్లండ్ సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. ఆగస్టుకు షెర్బూర్ కూడా పోయి, ముప్పై ఏళ్ల నార్మండీ ఏడాదిలో ముగిసింది. రాజు 3,72,000 పౌన్లు బాకీ ఉన్నాడని ఆ రోజుల్లో పార్లమెంటుకు లెక్క చెప్పారు. రాజభవనం ఖర్చే ఏటా 24,000 పౌన్లు. పార్లమెంటు సఫోక్‌ను అభిశంసించింది. హెన్రీ విచారణ జరగనివ్వకుండా అయిదేళ్ల దేశబహిష్కారంతో ఆయన ప్రాణం కాపాడాలనుకున్నాడు. సఫోక్ ఓడను సముద్రంలో ఆపి, తుప్పు పట్టిన కత్తితో అరడజను దెబ్బలకు తల తీసి, మొండాన్ని డోవర్ ఇసుకలో పడేశారు. ఆ పని చేసిన నావికులు రాజద్రోహులను శిక్షిస్తున్నామనే అనుకున్నారు. ఆ హత్య జరిగిన మే నెలలోనే కెంట్‌లో జాక్ కేడ్ తిరుగుబాటు లేచింది. తిరుగుబాటుదారుల ఫిర్యాదుపత్రం చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. అందులో రాజు మీద ఒక్క నింద లేదు. రాజును ద్రోహులు చుట్టుముట్టారని, రక్తబంధువులైన పెద్దలను, ముఖ్యంగా యార్క్ డ్యూక్‌ను దగ్గరికి పిలవమని వేడుకోలు. ఉండిపొమ్మని లండన్ మేయర్ బతిమాలినా హెన్రీ నగరం వదిలి కెనిల్వర్త్ కోటకు వెళ్లిపోయాడు.

ఇక్కడ యార్క్ డ్యూక్ రిచర్డ్ రంగంలోకి వస్తాడు. మూడవ ఎడ్వర్డ్ కొడుకుల వరసలో హెన్రీది లాంకాస్టర్ డ్యూక్ జాన్ సంతతి. జాన్ కొడుకు నాలుగవ హెన్రీ 1399లో రాజును దించి సింహాసనం ఎక్కాడు. రిచర్డ్‌ది తండ్రి వైపునుంచి జాన్ తమ్ముడి సంతతి, తల్లి వైపునుంచి జాన్ అన్న లయనెల్ సంతతి. ఆడపిల్లల ద్వారా వచ్చిన హక్కు చెల్లుతుందనుకుంటే రిచర్డ్ హక్కే పెద్దది. అయినా 1450లో ఆయన అడిగింది కిరీటం కాదు. ఫ్రాన్స్‌లో సేనాపతిగా ఉన్నప్పుడు సొంత డబ్బు ఖర్చుపెట్టాడు. 38,000 పౌన్లకు పైగా రాజు ఆయనకు బాకీ. ఆయన స్థానంలో ఫ్రాన్స్‌కు వెళ్లి రువాన్‌ను అప్పగించి వచ్చిన సోమర్‌సెట్ డ్యూక్‌ను రాజు పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సోమర్‌సెట్‌ను తొలగించి తనకు తగిన చోటివ్వమన్నది రిచర్డ్ పట్టు.

ఆయన చిక్కల్లా ఒకటే. రాజు ఏరికోరి పెట్టుకున్న సలహాదారుణ్ణి తీసేయాలంటే రాజును ఒప్పించాలి. రాజు ఆ సలహాదారు మాటే వింటాడు. ఇక మిగిలింది బలగంతో రావడం. బలగంతో రావడం రాజద్రోహం. 1452లో డార్ట్‌ఫర్డ్ దగ్గర సేనతో నిలబడి, చివరికి నమ్మి లొంగిపోయి, సెయింట్ పాల్ చర్చిలో విధేయతాప్రమాణం చేయవలసి వచ్చింది.

1453 జులైలో కాస్టియోన్ యుద్ధంలో గాస్కనీ కూడా పోయింది. మూడు వందల ఏళ్లుగా ఇంగ్లండ్ రాజులదైన భూమి అది. ఆగస్టు మొదట్లో క్లారెండన్ వేటభవనంలో ఉన్న హెన్రీ ఉన్నట్టుండి జడుడైపోయాడు. మాట లేదు, గుర్తు లేదు, పట్టుకోకపోతే నిలబడలేడు. అక్టోబరులో మార్గరెట్‌కు ఎనిమిదేళ్ల కాపురం తర్వాత తొలి కొడుకు పుట్టాడు. జనవరిలో పసివాణ్ణి తెచ్చి విండ్సర్‌లో తండ్రికి చూపించారు. ముందు బకింగ్‌హమ్ డ్యూక్, తర్వాత రాణి తన చేతులతో అందిస్తూ దీవించమని అడిగారు. ఒక్కసారి పిల్లవాడి వైపు చూసి మళ్లీ కళ్లు దించుకున్నాడని ఆనాటి ఉత్తరం ఒకటి చెబుతోంది. మార్చిలో పన్నెండుమంది ప్రభువులు వెళ్లి మూడుసార్లు ప్రయత్నించారు. భోజనం ముందు, భోజనం తర్వాత, ఇద్దరు మనుషులు పట్టుకుని ఆయనను వేరే గదికి నడిపించాక మళ్లీ. మాటా లేదు, సైగా లేదు.

అలాంటి వేళ రాజ్యం ముక్కలవుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. ప్రభువులు 1422 నాటి పత్రాలు బయటికి తీశారు. రాజు మళ్లీ పసివాడైనట్టే లెక్క. 1454 మార్చి 27న యార్క్ డ్యూక్‌ను సంరక్షకుడుగా నియమించారు. పాత హోదా, పాత పరిమితులు. రాణి అంతకుముందే రాజప్రతినిధి అధికారం తనకివ్వమని కోరితే, ముప్పై ఏళ్ల కిందట హంఫ్రీకి ఇవ్వనిది ఆమెకూ ఇవ్వలేదు. యార్క్ ఉత్తరాదికి వెళ్లి, పెర్సీ, నెవిల్ వంశాల కొట్లాట మీద అదుపు తెచ్చాడు. తన వాళ్లకు మేలు చేసుకోలేదని కాదు. కానీ పదిహేడేళ్లలో మొదటిసారి, రాజ్యాన్ని ఎవరు నడుపుతున్నారన్న ప్రశ్నకు దాపరికం లేని జవాబు దొరికింది. రాజు పూర్తిగా లేకపోవడం కంటే సగం ఉండడమే ఇంగ్లండ్‌కు ప్రమాదమైందని నేననడానికి ఈ తొమ్మిది నెలలే రుజువు.

క్రిస్మస్‌కు హెన్రీ కోలుకున్నాడు. డిసెంబరు 30న రాణి కొడుకును తీసుకొచ్చింది. పేరేమిటని అడిగాడు. ఎడ్వర్డ్ అన్నారు. చేతులెత్తి దేవుడికి మొక్కాడు. ఇంతకాలం తనతో ఎవరేమన్నారో, తానెక్కడ ఉన్నాడో ఏమీ తెలియదన్నాడు. చదువుతుంటే మనసు కరిగే ఘట్టం ఇది. కానీ రాజు లేచాడంటే సంరక్షకుడి పదవి రద్దయినట్టే. టవర్ ఖైదులో ఉన్న సోమర్‌సెట్ విడుదలయ్యాడు. యార్క్, ఆయన వైపు నిలిచిన నెవిల్ ప్రభువులు తమ ప్రాణాలకే ముప్పని భయపడ్డారు. 1455 మే 22న సెయింట్ ఆల్బన్స్ ఊరి వీధుల్లో మొదటి యుద్ధం. చచ్చినవాళ్లు తక్కువే. కానీ వాళ్లలో సోమర్‌సెట్, నార్తంబర్లండ్ ఎర్ల్, క్లిఫర్డ్ ప్రభువు ఉన్నారు. హెన్రీ మెడకు బాణం గీసుకుపోయింది. గెలిచినవాళ్లు ఆయన ముందు మోకరిల్లి క్షమించమన్నారు. ఆ రోజు చనిపోయినవాళ్ల కొడుకులు మాత్రం క్షమించలేదు. రాజనీతి వివాదం ఆనాటినుంచి రక్తపు పగ అయింది.

హెన్రీ దాన్ని తుడిచేయాలని నిజంగా తపించాడు. 1458 మార్చిలో ఆయన మాట మీద ఇరుపక్షాలూ ఒప్పందానికి వచ్చాయి. సెయింట్ ఆల్బన్స్ మృతుల ఆత్మశాంతి ప్రార్థనలకు యార్క్ వర్గం డబ్బు కట్టాలి. తర్వాత అందరూ సెయింట్ పాల్ చర్చికి ఊరేగింపుగా నడిచారు. శత్రువు చేతిలో శత్రువు చేయి, రాణి చేయి యార్క్ డ్యూక్ చేతిలో, ముందు కిరీటం పెట్టుకున్న రాజు. దాన్ని ‘ప్రేమ దినం’ అన్నారు. ఆ రోజును పిల్లచేష్టగా కొట్టిపారేసే చరిత్రకారులతో నేను ఏకీభవించను. రాజు చేయగల పనుల్లో గొప్ప పని అది. అయితే దాని వెనక నిలబడి, మాట తప్పినవాణ్ణి శిక్షించే చేయి కూడా కావాలి. ఏడాదిన్నరలోపు మళ్లీ సేనలు కదిలాయి.

ఈలోగా మార్గరెట్ బలం పుంజుకుంది. ఆమెను క్రూరురాలుగా చిత్రించడం తర్వాతి కాలపు అలవాటు. పరాయిదేశపు ఆడది, మగడి మీద పెత్తనం చేసింది అంటారు. ఆమె చోట నిలబడి చూడండి. భర్త చేతకానివాడైతే, ఆయన పేరుతో పాలించే హక్కు చట్టం ఆమెకు ఇవ్వలేదు. ఆయనకు బదులు వచ్చేవాడు తన కొడుకు వారసత్వానికే ఎసరు పెట్టవచ్చు. ఆమె కూడా సఫోక్, యార్క్ చిక్కుకున్న ముడిలోనే చిక్కుకుంది.

1460 జులైలో నార్తాంప్టన్ దగ్గర యార్క్ వర్గం గెలిచి రాజును చేజిక్కించుకుంది. అక్టోబరు 10న రిచర్డ్ వెస్ట్‌మినిస్టర్‌లో నిండుసభలోకి నడిచివచ్చి, ఖాళీ సింహాసనం మీద చేయి వేసి జయజయధ్వానం కోసం ఆగాడు. సభ మౌనంగా ఉండిపోయింది. ఆయన పక్షం వాళ్లూ నోరు మెదపలేదు. పదేళ్ల కలహం తర్వాత కూడా అభిషిక్తుడైన రాజును దించాలని ఇంగ్లండ్ కోరుకోలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? న్యాయమూర్తులను అడిగితే ఇది మా చట్టానికి మించిన విషయమని తప్పుకున్నారు. చివరికి రాజీ కుదిరింది: హెన్రీ బతికున్నంతకాలం రాజు, ఆ తర్వాత రిచర్డ్, ఆయన సంతతి. హెన్రీ తన ఏడేళ్ల కొడుకు హక్కును వదులుకుంటూ ఒప్పుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. డిసెంబరు 30న వేక్‌ఫీల్డ్ దగ్గర ఆమె పక్షం రిచర్డ్‌ను చంపి, తలకు కాగితపు కిరీటం పెట్టి యార్క్ నగరద్వారం మీద నిలిపింది.

ఇక రాజీకి చోటు మిగల్లేదు. 1461 మార్చి 4న రిచర్డ్ కొడుకు, పద్దెనిమిదేళ్ల ఎడ్వర్డ్, నాలుగవ ఎడ్వర్డ్‌గా ప్రకటించుకున్నాడు. మార్చి 29న, మట్టలాదివారం నాడు, టౌటన్ మైదానంలో మంచుతుఫానులో యుద్ధం జరిగింది. 28,000 మంది చనిపోయారని నాటి వార్తాహరులు లెక్క చెప్పారు. చరిత్రకారులు ఆ సంఖ్యను నమ్మరు. కానీ ఇంగ్లండ్ గడ్డ మీద అంతటి రక్తపాతం మరో రోజున జరగలేదని చాలామంది ఒప్పుకుంటారు. రెండు గులాబీల మాటకు వస్తే, తెల్ల గులాబీ యార్క్ చిహ్నాల్లో ఒకటి మాత్రమే. లాంకాస్టర్ వంశానిదని చెప్పే ఎర్ర గులాబీకి ప్రాచుర్యం తెచ్చింది తర్వాత వచ్చిన ఏడవ హెన్రీ. యుద్ధాలకు ఆ పేరు స్థిరపడింది 19వ శతాబ్దంలో. ఆనాడు పోరాడినవాళ్లు గులాబీల కోసం పోరాడలేదు.

హెన్రీ స్కాట్లండ్‌కు పారిపోయాడు. తిరిగివచ్చి, ఉత్తరాది ఇళ్లలో తలదాచుకుంటూ ఏడాదికి పైగా తిరిగాడు. 1465 జులైలో లాంకషైర్‌లో పట్టుబడ్డాడు. అయిదేళ్లు టవర్‌లో ఉన్నాడు. 1470లో ఎడ్వర్డ్‌తో చెడిన వారిక్ ఎర్ల్ (యార్క్ వైపు నిలిచిన నెవిల్ ప్రభువుల్లో ఒకడు), ఎవరిని దించడానికి పోరాడాడో ఆ హెన్రీనే మళ్లీ గద్దె ఎక్కించాడు. ఆ ఆరు నెలల్లో ఆయనను లండన్ వీధుల్లో ఊరేగించినప్పుడు, మార్చుకోవడానికి మరొకటి లేనట్టు పాత నీలం అంగీ తొడుక్కుని ఉన్నాడని చూసినవారు రాశారు. 1471 ఏప్రిల్‌లో ఎడ్వర్డ్ తిరిగివచ్చాడు. బార్నెట్‌లో వారిక్, మే 4న ట్యూక్స్‌బరీలో పదిహేడేళ్ల యువరాజు చనిపోయారు. కొడుకు బతికున్నంతకాలం తండ్రిని చంపి లాభం లేదు. కొడుకు పోయాక తండ్రిని బతికించే అవసరం లేదు. మే 21న ఎడ్వర్డ్ విజయోత్సాహంతో లండన్ చేరాడు. ఆ రాత్రే హెన్రీ టవర్‌లో కన్నుమూశాడు. ఓటమి వార్తలు విని దిగులుతో పోయాడని ప్రకటించారు. నలభై తొమ్మిదేళ్ల మనిషి అంత సమయానికి దిగులుతో పోతాడా? 1910లో సమాధి తెరిచినప్పుడు పుర్రె ముక్కలై ఉంది. దానికి అంటుకున్న గోధుమరంగు వెంట్రుకల్లో కొంత భాగం రక్తంతో అట్టకట్టినట్టు కనిపించింది.

చెర్ట్సీ మఠంలో పూడ్చిన కొద్దికాలానికే జనం రావడం మొదలుపెట్టారు. ప్లేగు సోకినవాళ్లు, బిడ్డ నీళ్లలో పడిన తల్లులు, నేరం చేయకుండా ఉరికంబం ఎక్కినవాళ్లు హెన్రీకి మొక్కుకుని ఒక నాణేన్ని వంచేవారు. బాగయితే ఆ వంగిన నాణెం సమాధి దగ్గర సమర్పించేవారు. ఇలాంటి మహిమలు వందల్లో నమోదయ్యాయి. బతికుండగా ఎవరి తగవూ తీర్చలేకపోయిన రాజు దగ్గరికి జనం మళ్లీ అర్జీలతో నడిచారు. అది మూఢత్వమని నవ్వబుద్ధి కాదు నాకు. పెద్దవాళ్ల పగల్లో నలిగిన మామూలు జనానికి, ఎవరికీ కీడు తలపెట్టని రాజు ఒకడు ఉండేవాడన్న జ్ఞాపకం కావలసివచ్చింది. 1484లో అప్పటి రాజు మూడవ రిచర్డ్ ఆయన అవశేషాలను విండ్సర్‌కు తరలించాడు. ఆయనను పునీతుడుగా ప్రకటించమని ఏడవ హెన్రీ పోప్‌లను కోరాడు. ఆ ప్రయత్నం, తర్వాతి రాజు రోమ్‌తో తెగతెంపులు చేసుకోవడంతో ఆగిపోయింది. భక్తులు కానుకలు వేసిన ఇనుప హుండీ విండ్సర్‌లోని సెయింట్ జార్జ్ చాపెల్‌లో ఇప్పటికీ ఉంది.

ఏటా మే 21న ఈటన్ బడివాళ్లు లిల్లీ పూలు, కింగ్స్ కాలేజీవాళ్లు గులాబీలు తీసుకుని లండన్ టవర్‌కు వస్తారు. ఆయన ప్రాణం పోయిందని చెప్పే చోట, నేల మీద వాటిని పక్కపక్కన ఉంచి వెళతారు.